స్ట్రాలో 2 కోట్ల వీర్యకణాలున్నా గేదె ఎందుకు నిలవడం లేదు? రెండు స్ట్రాలు వేయిస్తే మేలా?

పాడి_ఒంగోలు (ప్రశ్న):

ముర్రా గేదెలు మూడు తిరగపొర్లుతున్నాయి, అంటే కృత్రిమ గర్భధారణ సూది వేయించినా చూడి నిలవక మళ్లీ మళ్లీ ఎదకొస్తున్నాయి. డాక్టర్ గారు చేయి పెట్టి చూశారు. గర్భసంచిలో జబ్బు లేదు, తీగ (ఎదలో కారే జిగురు) అద్దంలా తేటగా ఉంది, చీము చారలు లేవు. మూడూ ఈని 70 రోజులు దాటాకే మొదటి సూది వేయించినవి. రెండు గేదెలు సూది పడిన 20, 22 రోజులకు మళ్లీ ఎదకొచ్చాయి. మూడోది 34వ రోజున వచ్చింది.

వేయించే పద్ధతి ఇది. తెల్లవారి 5 గంటలకు పాలు పిండేటప్పుడు ఎద గమనిస్తాం. సరిగ్గా చేపదు, మాటిమాటికీ మూత్రం పోస్తుంది, పడుకున్న చోట తీగ కనిపిస్తుంది. 8, 9 గంటల మధ్య సూది పడిపోతుంది. స్ట్రాను (గడ్డకట్టించిన వీర్యం నింపిన సన్నని గొట్టం) గ్లాసులో గోరువెచ్చని నీళ్లలో వేసి తీస్తారు. నీళ్ల వేడి చేత్తో చూడడమే, థర్మామీటర్ వాడరు.

స్ట్రాలో 2 కోట్ల కణాలుంటాయంటారు. దున్నపోతు ఒక్కసారి దాటితే పడేవి వందల కోట్లు, దానికి కట్టిన గేదెలు నిలుస్తున్నాయి. అంటే లోపం సంఖ్యలోనే ఉందా? ఒకేసారి రెండు స్ట్రాలు వేయిస్తే ఫలితం ఉంటుందా? అసలు గర్భసంచిలో వదిలిన తరువాత ఆ కణాలకు లోపల ఏమవుతుందో తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.


సెమెన్_ల్యాబ్:

పాడి_ఒంగోలు గారూ, ముందు సంఖ్య సంగతి తేల్చుకుందాం. రెండు స్ట్రాల ఆలోచన అక్కడి నుంచే పుడుతుంది.

దున్న ఒకసారి దాటితే 2 నుంచి 4 మి.లీ. వీర్యం పడుతుంది, మి.లీ.కి అటూఇటుగా 100 కోట్ల కణాలు. కానీ అది పడేది యోనిలో, గర్భాశయ ముఖద్వారానికి ఇవతల. ఆ ద్వారంలోని మడతలు, జిగురు దాటేలోపే చాలా భాగం బయటికి కారిపోతుంది, ఇంకొంత తెల్లరక్తకణాల పాలవుతుంది. సూదిలో అయితే గన్ను (స్ట్రా ఎక్కించే పొడుగాటి కడ్డీ) ఆ ద్వారాన్ని దాటి నేరుగా గర్భసంచిలో వదులుతుంది. అందుకే 0.25 మి.లీ. స్ట్రాలో 2 కోట్లు సరిపోతాయి. కరిగించాక వాటిలో కనీసం 50 శాతం ముందుకు ఈదుతుండాలన్నది మన దేశంలో వీర్య కేంద్రాలకున్న ప్రమాణం. అంటే కోటి కణాలు చేతిలో ఉన్నట్టు. ఆ కోటిలోనూ సగానికి పైగా వెనక్కి కారిపోతాయి. అండవాహిక మొదట్లోకి చేరేవి కొన్ని వేలు. అండం పక్కకు ఒక్కో వేళలో వచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. లోపలికి పోవాల్సింది ఒక్కటే.

సంఖ్య పెంచితే తీరే లోపాలు కొన్ని, పెంచినా తీరనివి కొన్ని ఉంటాయి. తోక మెలిక పడ్డది, ఎక్రోసోమ్ (తల మీది టోపీ) ఊడిపోయింది దారిలోనే ఆగిపోతుంది. పక్కన మంచివి తగినన్ని ఉంటే ఆ లోటు తీరుతుంది. డీఎన్‌ఏ తెగిన కణం అలా కాదు. చక్కగా ఈదుతుంది, అండంలోకి దూరుతుంది, మంచి కణానికి చోటు లేకుండా చేస్తుంది. పిండం 8 నుంచి 16 కణాలయ్యే దశలో సొంత జన్యువులు పని మొదలుపెట్టాలి, అక్కడ ఆగి చచ్చిపోతుంది. ఇలాంటి దున్న వీర్యం పది స్ట్రాలు వేసినా ఒకటే. కాబట్టి ఒకేసారి రెండు స్ట్రాలు డబ్బు దండగ. మరోసారి వేయించేటప్పుడు వేరే దున్న స్ట్రా అడగండి, దానికి అర్థం ఉంది. దున్న నంబరు, వీర్యం తీసిన తేదీ స్ట్రా మీదే అచ్చు వేసి ఉంటాయి. సూది వేసిన ప్రతిసారీ ఖాళీ స్ట్రా ఇమ్మని అడిగి, గేదె పేరు రాసి దాచుకోండి.

ఇక లోపల జరిగేది. వీర్యకణం మొత్తం పొడవు సుమారు 70 మైక్రాన్లు, మిల్లీమీటరులో పద్నాలుగో వంతు. తలలో డీఎన్‌ఏ ప్రోటమీన్లనే ప్రొటీన్లతో గట్టిగా చుట్టి ఉంటుంది. మామూలు కణాల్లో ఉండే వదులు చుట్ట కాదది. తల ముందు భాగానికి టోపీలాంటి సంచి ఎక్రోసోమ్, అందులో హైలురోనిడేజ్, ఎక్రోసిన్ లాంటి ఎంజైములు. తల వెనక మెడలో సెంట్రియోల్. ఆ వెనక మధ్యభాగం చుట్టూ స్ప్రింగులా మైటోకాండ్రియా చుట్టుకుని ఉంటాయి. తర్వాత తోక, దాని నడుమ 9+2 అమరికలో (చుట్టూ తొమ్మిది జతలు, నడుమ రెండు) సూక్ష్మనాళికలు. వాటిమీది డైనీన్ ప్రొటీను ఏటీపీ ఖర్చు చేస్తూ ఒకదాని మీద ఒకటి జరుపుతుంటే తోక కొట్టుకుంటుంది. సొంతంగా కొత్త ప్రొటీన్లు చేసుకునే సామగ్రి దీనికి దాదాపు లేదు. పొర ఒకసారి దెబ్బ తింటే బాగుచేసుకోలేదు. మనం చేసే తప్పులన్నీ ఆ పొర మీదే పడతాయి.

తాజాగా పడిన కణం వెంటనే అండంలోకి దూరలేదు. ఆడపశువు గర్భనాళంలో కొన్ని గంటలు ఉండి మారాలి. పొరలోంచి కొలెస్టరాల్ బయటికి పోవాలి, కాల్షియం లోపలికి రావాలి, తోక కొరడాలా విసురుగా కొట్టుకోవడం మొదలవ్వాలి. దీన్ని కెపాసిటేషన్ అంటారు. 1951లో ఆస్టిన్, చాంగ్ విడివిడిగా దీన్ని కనిపెట్టారు. ఇది పూర్తయిన కణానికి ఇక ఆయుష్షు కొద్ది గంటలే. అందుకే అండవాహిక మొదటి ఇరుకు భాగంలో కణాలు గోడలకు తల ఆనించి అతుక్కుని ఉంటాయి. అతుక్కుని ఉన్నంతసేపు ఈ మార్పు నెమ్మదిస్తుంది. అండం విడుదలయ్యే వేళకు కొద్దికొద్దిగా విడివడి పైకి పోతాయి.

గడ్డకట్టించిన వీర్యానికి తేడా ఇక్కడ వస్తుంది. గ్లిజరాల్ కలిపితే కణాలు గడ్డకట్టినా బతుకుతాయని 1949లో తేలింది. అప్పటి నుంచి గుడ్డు పచ్చసొన, ట్రిస్, గ్లిజరాల్ కలిపిన ద్రావణంలోనే ఎక్కువగా పని నడుస్తోంది. అయినా చల్లార్చి, మైనస్ 196 డిగ్రీల్లో ఉంచి, మళ్లీ కరిగించేసరికి పొరలోంచి కొంత కొలెస్టరాల్ పోతుంది, కాల్షియం చొరబడుతుంది. కెపాసిటేషన్‌లో ఏం జరగాలో అదే గేదెలోకి వెళ్లకముందే సగం జరిగిపోతుంది. గేదెజాతి వీర్యకణం పొర చలికి ఆబోతు కణం కన్నా ఇంకా సులభంగా దెబ్బ తింటుంది. ఇలాంటి కణాలు అండవాహిక గోడకు సరిగా అతుక్కోవు, ఎక్కువసేపు ఆగలేవు. తాజా కణం ఒకటిన్నర రోజు దాకా ఎదురుచూడగలిగితే, స్ట్రాలోని కణాల్లో చాలావాటికి ఒక రోజు కూడా కష్టం.

దున్న విషయంలో ఇంకో సంగతి ఉంది. గేదె నిలబడి ఒప్పుకుంటేనే అది దాటుతుంది, ఆ ఒప్పుకునే గంటలే సరైన వేళ. మీరు పొద్దున్న 9కి వేయించింది తొందరపడినట్టే అనిపిస్తోంది. అలాగని దున్నకు కట్టడం మొదలుపెట్టకండి. పరీక్షలు లేని ఊరి దున్నతో బ్రూసెల్లా, ట్రైకోమోనాస్, క్యాంపిలోబాక్టర్ గేదె నుంచి గేదెకు పాకుతాయి. అప్పుడు మంద మొత్తం ఈసుకుపోవడం (చూడి దిగిపోవడం) చూడాలి.


గోపాలమిత్ర_కరీంనగర్:

ల్యాబ్ సార్ లోపలి సంగతి చెప్పిండ్రు, నేను చేతిల పని చెప్త. మా దిక్కు బర్రె అంటం, గేదె అన్నా అదే.

ఎద చూసుడు: పొద్దుగాల 5కు చూసిన ఎద 5కే మొదలైందని ఎట్ల అనుకుంటరు? బర్రెకు ఎద చానమట్టుకు రాత్రిపూటనే షురూ అయితది. రాత్రి పడుకునే ముందు, 9, 10 గంటలకు బ్యాటరీ లైట్ పట్టుకొని ఒకసారి చూడాలె. అప్పుడు లేకుండ పొద్దుగాల ఉన్నదంటే నడుమ ఏడెనిమిది గంటలల్ల మొదలైందని తెలుస్తది. ఆవు లెక్క బర్రె తీగ ఏలాడదియ్యది, పండుకున్నప్పుడు కింద పడ్డదే గుర్తు. ఎండకాలం మూగ ఎద ఎక్కువ, అరవది, ఎగబడది. మానం ఉబ్బి ముడతలు సాగినయా, లోపల ఎర్రగ ఉన్నదా చూడాలె.

పొద్దుగాల చూస్తే మాపటికి వెయ్యాలె, మాపటికి చూస్తే తెల్లారి వెయ్యాలె. 1940లల్ల అమెరికాల నెబ్రాస్కా దిక్కు ఆవుల మీద చూసి పెట్టిన లెక్క ఇది, ఇప్పటికీ పనిచేస్తది.

స్ట్రా కరిగించుడు: చేత్తోని చూసే గోరువెచ్చటి నీళ్లు నమ్మద్దు. ఎండకాలం మన చెయ్యే వేడి, 42 డిగ్రీల నీళ్లు గూడ గోరువెచ్చగనే అనిపిస్తయి. చలికాలం 30 డిగ్రీలున్నా వెచ్చగ అనిపిస్తయి. వెడల్పు మూతి ప్లాస్క్ ఒకటి, థర్మామీటర్ ఒకటి, గంతే ఖర్చు. 37 డిగ్రీలు, 30 సెకన్లు, స్ట్రా మొత్తం మునగాలె. నీళ్లు చల్లగున్నా, జేబుల పెట్టినా, అరచేతుల రుద్దినా మెల్లగ కరుగుతది. మెల్లగ కరిగితే లోపలి మంచు పలుకులు మళ్ల పెద్దగయ్యి పొరలను కోస్తయి. నీళ్లు 45 దాటితే కణం ఉడుకుతది.

కంటైనర్ల (ద్రవ నత్రజని డబ్బాల) నుంచి తీసుడు: క్యానిస్టర్‌ను (స్ట్రాలుండే గిన్నెను) మెడ పైకి ఎత్తద్దు, మంచు గీత కిందనే ఉంచి పట్టకారుతో స్ట్రా అందుకోవాలె. 5 సెకన్లల్ల దొరకకపోతే కిందికి దించి, చల్లబడ్డంక మళ్ల లేపాలె. ఒక్క స్ట్రా కోసం ఎత్తిన ప్రతిసారి మిగిలిన స్ట్రాలకు దెబ్బ తగుల్తది. అది కంటికి కనిపించది. నత్రజని ఎంతున్నదో కట్టె ముంచి తీసి మంచు గీతతోని చూడాలె. గొట్టం ముంచద్దు, లోపలికెళ్లి నత్రజని పైకి చిమ్ముతది. కంటైనర్ బయట మెడకు మంచు పట్టిందంటే దాని వ్యాక్యూమ్ పోయినట్టే, అండ్ల స్ట్రాలు వాడద్దు.

కరిగినంక స్ట్రాను దూదితోని గాని టిష్యూతోని గాని పొడిగ తుడవాలె. ఒక్క నీటి చుక్క లోపలికి పోతే కణాలు నీళ్లు పీల్చి ఉబ్బి తోకలు సుట్టుకుంటయి. స్పిరిట్ తుడిచిన చేత్తోని, సబ్బు అంటిన చేత్తోని ముట్టుకోవద్దు. దూది ఉన్న కొస గన్నులకు పోవాలె. రెండో కొస, అతికించిన దిక్కు, మెల్లగ తట్టి గాలి బుడగను అక్కడికి తెచ్చి, బుడగ దగ్గరనే నిటారుగ కోయాలె. వంకరగ కోస్తే షీత్‌ల (గన్ను మీది ప్లాస్టిక్ తొడుగుల) సరిగ కూర్చోదు, మందు వెనకకు కారి షీత్‌లనే ఉండిపోతది. గన్ను కడ్డీని ముందుగాలనే వెనకకు గుంజి ఉంచాలె, మరిచిపోతే స్ట్రా ఎక్కిస్తుంటేనే మందు చిమ్మిపోతది.

ఇంకొకటి, చానామంది పట్టించుకోరు. మే నెలల బండి డబ్బాల గన్ను పెట్టి ఊరు తిరుగుతరు. ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలుతది. 37 డిగ్రీలల్ల కరిగిన మందును తెచ్చి అండ్ల పెడుతరు. జనవరిల ఆదిలాబాద్ దిక్కు ఉల్టా, గన్ను మంచుగడ్డ లెక్క ఉంటది, చలి దెబ్బకు కణం ఆగిపోతది. ఎండకాలం నీడల, చలికాలం అంగీ లోపల పెట్టుకోవాలె. కరిగినంక 10, 15 నిమిషాలల్ల పని అయిపోవాలె.

వదిలే చోటు: ముఖద్వారం లోపలి కొస దాటంగనే ఆగాలె. వేలు కొస తోని గన్ను కొస తగిలిందా చూసి, ఐదు లెక్కపెట్టుకుంట మెల్లగ నొక్కాలె. నొక్కుకుంట గన్ను వెనకకు గుంజద్దు. ఎక్కువ లోపలికి పోతే మందంత ఒక్క కొమ్ముల పడుతది, అండం రెండో దిక్కు రావచ్చు. ముఖద్వారంల వదిలితే మళ్ల దున్న కథే అయితది, కాని కణాలు మాత్రం 2 కోట్లే.

12 గంటలైనా ఎద తగ్గకపోతే నేనైతే రెండో స్ట్రా వేస్త.


పాడి_ఒంగోలు:

ఇద్దరికీ ధన్యవాదాలండి. రాత్రి చూడడం మా దగ్గర లేదు, ఈ రోజు నుంచే మొదలుపెడతాం. థర్మామీటర్ కూడా తెప్పిస్తున్నాం. 34 రోజులకు పొర్లిన గేదె సంగతి ఎవరూ చెప్పలేదు. అది కూడా వేళ తప్పడమేనా? ఇంకోటి, పెయ్యదూడలే పుట్టే స్ట్రాలు వచ్చాయంటున్నారు, ఈ మూడింటికీ అవి వాడమంటారా?


పశు_గైనకాలజీ:

34 రోజుల గేదె సంగతి మిగతా రెండింటిలాంటిది కాకపోవచ్చు. విడిగా చూడాలి.

తిరిగి పొర్లిన రోజు లెక్క చాలా చెబుతుంది. 18 నుంచి 24 రోజుల మధ్య వస్తే రెండిట్లో ఒకటి: అండం ఫలదీకరణ కాలేదు, లేదా అయిన పిండం 16వ రోజులోపే చనిపోయింది. 16, 17 రోజుల దగ్గర పిండం ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రొటీను వదిలి తన ఉనికిని తల్లికి తెలియజేస్తుంది. ఆ సంకేతం అందకపోతే అండాశయంలోని పసుపుముద్ద (అండం విడుదలైన చోట ఏర్పడి, చూడిని నిలిపే హార్మోను వదిలేది) కరిగిపోయి మామూలుగా 21 రోజులకే ఎద వస్తుంది. సంకేతం అందిన తరువాత పిండం పోతే ఎద ఆలస్యమై 25 నుంచి 40 రోజుల మధ్య వస్తుంది. మీ మూడోది ఈ కోవలో ఉండే అవకాశం ఎక్కువ. ఇంకో అవకాశం కూడా ఉంది. మొదట ఎద అనుకున్నది ఎద కాకపోయి, చక్రం మధ్యలో సూది పడితే లెక్కలు ఇలాగే అడ్డదిడ్డంగా వస్తాయి. 42 దగ్గర వచ్చి ఉంటే మధ్యలో ఒక ఎద మనం చూడలేదనుకోవచ్చు. 34 అలా సరిపోదు.

మీ రెండు గేదెల వేళ లెక్క వేసి చూద్దాం. గేదెలో ఎద మొదలైన సుమారు 30 గంటలకు, అంటే ఎద లక్షణాలు తగ్గిన 10 నుంచి 14 గంటలకు, అండం విడుదలవుతుంది. గేదె గేదెకూ కొంత తేడా ఉంటుంది. ఎద రాత్రి 10కి మొదలైందనుకుంటే అండం మర్నాడు తెల్లవారి కాక, ఆ పై తెల్లవారి 4 గంటల ప్రాంతంలో వస్తుంది. మీరు మర్నాడు ఉదయం 9కి వేయించారు, అంటే అండానికి 19 గంటల ముందు. ఎద తెల్లవారి 4కి మొదలైతే అండం మర్నాడు ఉదయం 10కి, మీ సూది 25 గంటల ముందు. అదే సాయంత్రం 6కి వేయించి ఉంటే మొదటి లెక్కలో 10 గంటలు, రెండో లెక్కలో 16 గంటలు. కణాలు అండవాహికలో కుదురుకోవడానికి 6 నుంచి 8 గంటలు పడుతుంది కనుక ఈ రెండూ చక్కని వేళలు. ల్యాబ్ వారు చెప్పిన ఒక రోజు లోపు ఆయుష్షు దీనికి కలిపి చూస్తే మీ సూదులు ఎందుకు తప్పాయో తెలిసిపోతుంది.

మరీ ఆలస్యం చేసినా చెడే. అండం బయటికి వచ్చాక 6 నుంచి 10 గంటలే బాగుంటుంది. తొందరపడితే కణాలు అండం వచ్చేసరికి అయిపోతాయి, ఫలదీకరణ తగ్గుతుంది, కాని జరిగినవాటి పిండాలు గట్టిగా ఉంటాయి. ఆలస్యమైతే ఫలదీకరణ బాగానే జరుగుతుంది, అండం ముదిరిపోవడం వల్ల పిండాలు నిలవవు. ఎద మొదలైన 12 నుంచి 18 గంటలు అనేది ఈ రెండు నష్టాల నడుమ దొరికే చోటు.

ముదిరిన అండంలో చెడేదేమిటి? అండం చుట్టూ క్యుములస్ కణాల మబ్బు, దాని లోపల జోనా పెల్యూసిడా అనే గాజులాంటి పొర ఉంటాయి. వీర్యకణం ఎక్రోసోమ్ పగిలి, తోక విసురుతో ఆ పొరను చీల్చుకుని పోతుంది. ఎక్రోసోమ్ పగిలేది జోనా తగిలాకే అని పాత పుస్తకాల్లో ఉంటుంది. ఎలుకల్లో చూస్తే చాలా కణాలకు అంతకుముందే పగులుతోంది. లోపలికి చేరాక కణం మీది ఇజుమో అనే ప్రొటీను అండం మీది జూనోను పట్టుకుంటుంది. 2005లో గుర్తించిన మొదటిదానికి జపాన్‌లో పెళ్లి సంబంధాల దేవుడి గుడి పేరు పెట్టారు, 2014లో గుర్తించిన రెండోదానికి రోమన్ల వివాహ దేవత పేరు. ఎవరో మనసుపెట్టి పెట్టిన పేర్లు! రెండు పొరలూ కలిశాక కణం తల నుంచి పీఎల్‌సీ జీటా అనే ఎంజైము అండంలోకి పోతుంది, కాల్షియం అలలు అలలుగా లేస్తుంది. ఆ అలలకే అండం అంచున ఉన్న చిన్న సంచులు పగిలి జోనా పొర గట్టిపడుతుంది, రెండో కణం రాకుండా తలుపు పడుతుంది. అండం ఆగిపోయిన తన విభజనను కూడా అప్పుడే పూర్తి చేస్తుంది. ముదిరిన అండంలో ఆ సంచులు ముందే లోపలికి జరిగిపోవడమో, ఆలస్యంగా పగలడమో జరుగుతుంది. రెండో కణం దూరితే క్రోమోజోములు మూడు జట్లవుతాయి, అలాంటి పిండం బతకదు.

వీర్యకణం డీఎన్‌ఏ ఒక్కటే ఇచ్చి పోతుందని అనుకుంటారు. ఆవు, గేదె జాతుల్లో పిండం మొదటి విభజనకు కావలసిన సెంట్రియోల్ కూడా తండ్రి నుంచే వస్తుంది. మెడ దగ్గర లోపమున్న కణం లోపలికి పోయినా పిండం రెండుగా చీలలేదు. మైటోకాండ్రియాలను మాత్రం అండం గుర్తుపట్టి నాశనం చేస్తుంది, అవి తల్లివే నిలుస్తాయి.

మీ మూడో గేదెకు చేయాల్సింది వేరు. పిండం మొదటి వారం ఎండవేడికి బాగా లొంగిపోతుంది. సూది వేయించిన రోజు దూరం నడిపించకండి, లారీ ఎక్కించకండి. వారం పాటు నీడలో ఉంచి మధ్యాహ్నం రెండు మూడుసార్లు నీళ్లు కొట్టండి, చెరువులో పొర్లనిస్తే ఇంకా మంచిది. ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు ఆపకుండా పెట్టండి. మళ్లీ పొర్లితే తీగను సూది వేసే ముందు పరీక్షకు పంపించండి. కంటికి తేటగా కనిపించినా గర్భసంచి గోడలో సన్నని వాపు ఉండొచ్చు. బ్రూసెల్లాకు రక్త పరీక్ష కూడా చేయించండి.

గోపాలమిత్ర గారితో ఒక్కచోట నాకు తేడా ఉంది. రెండో స్ట్రా అందరికీ వేయవద్దు. ఎద నిజంగా కొనసాగుతోందని, గర్భసంచి బిగువుగా ఉండి తీగ ఇంకా జారుతోందని చేయి పెట్టి చూశాకే వేయాలి. అండం వచ్చేశాక, పసుపుముద్ద పని మొదలయ్యాక గన్ను దూర్చితే సూక్ష్మజీవులను లోపలికి తీసుకెళ్లినట్టే, అప్పుడు గర్భసంచికి వాటిని కడిగేసే శక్తి తక్కువ. ఎద ఎక్కువసేపు సాగే గేదెలకు అండం త్వరగా విడుదలయ్యేందుకు సూది వేసే వేళకే జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోను ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి ఉంది. అది డాక్టర్ చూసి నిర్ణయించాల్సింది.


గోపాలమిత్ర_కరీంనగర్:

సార్ చెప్పింది ఒప్పుకుంట. చేయి పెట్టి చూడకుండ రెండోది వెయ్యద్దు. నేను రాసేటప్పుడు ఆ మాట ఇడిసిపెట్టిన.


సెమెన్_ల్యాబ్:

పెయ్యదూడల స్ట్రాల ప్రశ్న మిగిలింది. దూడ ఆడదా మగదా అన్నది వీర్యకణమే తేలుస్తుంది. సగం కణాల్లో ఎక్స్, సగంలో వై క్రోమోజోము. ఎక్స్ పెద్దది కనుక ఆ కణంలో డీఎన్‌ఏ కొంచెం ఎక్కువ, ఆబోతుల్లో సుమారు 3.8 శాతం, ముర్రాలో అంతకు కాస్త తక్కువ. కణాలకు డీఎన్‌ఏకు అంటుకునే రంగు పట్టించి, ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపి, మెరుపు తేడాను బట్టి వేరు చేస్తారు. పదింటిలో తొమ్మిది వరకు పెయ్యలే వస్తాయి. అయితే రంగు, లేజరు, ఒత్తిడితో చిమ్మడం దాటి వచ్చిన కణాలు ఇంకా బలహీనపడతాయి. పైగా స్ట్రాలో నింపేది మామూలుగా 20 లక్షలే, మామూలు స్ట్రాలో పదో వంతు. వేళ తప్పితే సర్దుకోవడానికి మిగిలేది ఏమీ ఉండదు. అందుకే వీటిని మామూలు స్ట్రా కన్నా కాస్త ఆలస్యంగా, ఎద మొదలైన 18 గంటలకు దగ్గరగా వేస్తారు. తిరగపొర్లే గేదెలకు ఇవి వద్దు. మొదటి సూదికే నిలిచే అలవాటున్న ఆరోగ్యమైన గేదెలకు, ఎద మొదలైన గంట పక్కాగా తెలిసినప్పుడు వాడండి.

వేసవిలో స్ట్రా మీది తేదీ చూసే అలవాటు చేసుకోండి. వృషణాలు శరీరం కన్నా కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు సరిగా తయారవుతాయి. ఆబోతుల్లో మొదటి కణం నుంచి తోక వచ్చిన కణం దాకా సుమారు 60 రోజులు, ఆ పైన వృషణం పక్కనుండే ఎపిడిడిమిస్ నాళంలో ముదరడానికి 10 రోజుల దాకా పడుతుంది. జ్వరమో వడదెబ్బో తగిలితే ఆ చెడు వెంటనే కనిపించదు, తరువాతి రెండు నెలల వీర్యంలో బయటపడుతుంది. కేంద్రాల్లో ఇలాంటి బ్యాచ్‌లను వడకట్టేస్తారు. అయినా ఒకే దున్న, ఒకే తేదీ స్ట్రాలతో వరుసగా తప్పుతుంటే ఆ నంబర్లు రాసి మీ పశువైద్యశాలలో ఇవ్వండి. ల్యాబ్‌లో స్ట్రా కరిగించి, 37 డిగ్రీల వేడి పలక మీద స్లయిడ్ పెట్టి కదలిక చూస్తారు, ఎయోసిన్ నైగ్రోసిన్ రంగుతో బతికినవి, చచ్చినవి లెక్కపెడతారు. చచ్చినవి గులాబీ రంగు పడతాయి, బతికినవి తెల్లగా మిగులుతాయి.

పక్కింటి ఆవు కోసం తెచ్చిన జెర్సీ స్ట్రా మిగిలితే గేదెకు వేయవచ్చా అని ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. వేయకూడదు. ఆవుకు 60 క్రోమోజోములు, మన ముర్రాకు 50, దూడ పుట్టదు, ఒక ఎద పోతుంది.


పాడి_ఒంగోలు:

22 రోజులకు పొర్లిన గేదె ఈ వారంలో మళ్లీ ఎదకు రావాలి. రాత్రి 10కి, తెల్లవారి 5కి చూసి, పొద్దున్న కనిపిస్తే సాయంత్రం 6కి వేయిస్తాం, వేరే దున్న స్ట్రా అడుగుతాం. సూది వేసిన రోజు నుంచి ఎన్నో రోజున చూడి పరీక్ష చేయించాలి?


పశు_గైనకాలజీ:

18 నుంచి 24వ రోజు దాకా రాత్రీ పగలూ ఎద కోసం చూడండి. మూగ ఎద ఉండొచ్చు కనుక రాలేదని చూడి అనుకోవద్దు. చేయి పెట్టి చూసే పరీక్ష 60 రోజులు దాటాక చేయించండి. అల్ట్రాసౌండ్ దొరికితే 30 రోజులకే తెలుస్తుంది. 30కి ఉండి 60కి లేకపోతే పిండం మధ్యలో పోయిందని అర్థం, ఆ తేదీలు రెండూ కార్డు మీద రాసి ఉంచండి.